టిఫిన్ డబ్బా పక్కన పట్టే కెమెరా

ప్రశ్న: మాది రాజమండ్రి. కడియం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను, రోజూ బస్సులో వెళ్లొస్తాను. ఫోటోగ్రఫీ నేర్చుకోవాలని రెండేళ్లుగా కోరిక. చీటీ పాడగా వచ్చిన 45 వేలు దీనికోసమే పక్కన పెట్టాను. మా మామయ్యకి పెళ్లిళ్ల ఫోటో స్టూడియో ఉంది. "నేర్చుకునేదేదో ఫుల్ ఫ్రేమ్ మీదే నేర్చుకో, నా పాత కానన్ 5డీ మార్క్ 3 ఉంది, లెన్సుతో కలిపి 45 వేలకి ఇచ్చేస్తా" అంటున్నాడు. ఓసారి మెడలో వేసుకుని చూశాను, పది నిమిషాలకే భుజం లాగేసింది. నా బ్యాగులో అప్పటికే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, దిద్దాల్సిన పేపర్లు ఉంటాయి. అమ్మేమో ఫోనుండగా ఇదంతా ఎందుకంటోంది. నాకు మనుషుల్ని, గోదావరి గట్టుని, కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్లని తీయాలనుంది. చిన్నగా, తేలిగ్గా ఉండి నా డబ్బుల్లో వచ్చేది చెప్పండి.

సమాధానం: జవాబు సగం మీరే రాసేశారమ్మా. పది నిమిషాలకే భుజం లాగేసిన కెమెరాని మీరు మహా అయితే మొదటి వారం మోస్తారు, రెండో వారం "ఇవాళ బ్యాగ్ బరువుగా ఉంది, రేపు తీసుకెళ్దాం" అనుకుంటారు, మూడో వారానికి అది బీరువా ఎక్కుతుంది. నాకెలా తెలుసంటే నాదీ అదే కథ. 2011లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, షాపువాడు "కాంబో ఆఫర్ సార్" అంటే ఒక పెద్ద కెమెరా, రెండు లెన్సులు, చిన్నపిల్లాడు పడుకునేంత బ్యాగ్, నడిస్తే ఊగిపోయే ట్రైపాడ్ అన్నీ కలిపి కొనుక్కొచ్చాను. ఏడాదిలో దాన్ని బయటికి తీసింది రెండు పెళ్లిళ్లకీ ఒక తిరుపతి ప్రయాణానికీ. మరుసటి వర్షాకాలం అయ్యాక తీసి చూస్తే పెద్ద లెన్సు లోపల అద్దం మీద సాలెగూడులా బూజు. శుభ్రం చేయించడానికి అడిగిన డబ్బుతో అలాంటి పాత లెన్సు ఇంకోటి వచ్చేది.

మీ మామయ్య గారు మీకు చెడు చెప్పలేదు, ఆ మాట ముందే అనేస్తున్నాను. 5డీ మార్క్ 3 మంచి కెమెరా, 2012లో వచ్చినప్పటి నుంచి ఎన్ని వేల పెళ్లిళ్లు తీసి ఉంటుందో లెక్కలేదు. కానీ అది ఆయన పనికి సరిపోయిన పనిముట్టు. బ్యాటరీతో కలిపి 950 గ్రాములు, దానికి 24-105 లెన్సు తగిలిస్తే ఇంకో 670. అంటే లీటరున్నర నీళ్ల సీసా మెడలో వేలాడదీసుకున్నట్టే. కల్యాణ మండపంలో రాత్రి పదింటికి జీలకర్ర బెల్లం తీయాలంటే ఆయనకి అది కావాలి, దాంతో రోజుకి ఇంత అని సంపాదిస్తారు కాబట్టి ఆ బరువు ఆయనకి గిడుతుంది. మీకు ఎవరిస్తారు కూలి?

ఫుల్ ఫ్రేమ్ మీద, అంటే వెలుగుని ఫోటోగా మార్చే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరా మీద, నేర్చుకుంటేనే నేర్చుకున్నట్టు అనే మాట వింటే నాకు ఒక పాత సంగతి గుర్తొస్తుంది. జర్మనీలో లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అని ఒక మెకానిక్ ఉండేవాడు. ఆయనకి ఉబ్బసం. కొండల్లో తిరిగి ఫోటోలు తీయడమంటే సరదా, కానీ గాజు పలకలతో ఉండే అప్పటి కెమెరాని ఆయాసంతో మోయలేక, సినిమా ఫిల్ము వాడే చిన్న కెమెరా ఒకటి తనకోసం తయారుచేసుకున్నాడు. అదే 1925లో లైకా అన్న పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇవాళ మనం ఫుల్ ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే 36×24 మిల్లీమీటర్ల కొలత ఆ బుల్లి కెమెరాదే. ఆ రోజుల్లో పెద్ద కెమెరాల వాళ్లు దాన్ని బొమ్మ కింద తీసిపారేశారు. మామయ్య గారితో టీ తాగేటప్పుడు ఈ మాట ఊరికే అని చూడండి.

అమ్మ మాట సగం నిజం. ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌కే అయితే ఫోను చాలు, ఆ 45 వేలు మళ్లీ చీటీలోనే వేసుకోవచ్చు. మీరేమో నేర్చుకోవాలంటున్నారు. ఫోను ఏం చేస్తుందంటే మీరు ఒక్కసారి నొక్కితే లోపల నాలుగైదు ఫోటోలు తీసి, కలిపి, నీడలు ఎత్తి, ముఖం నునుపు చేసి చేతిలో పెడుతుంది. బాగా వస్తే ఎందుకు బాగా వచ్చిందో తెలీదు, పాడైతే ఎందుకు పాడైందో తెలీదు. చాలా ఫోన్లలో లెన్సు అపెర్చర్ (వెలుగు దూరే రంధ్రం) మారదు కూడా, కాబట్టి వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకబారడం, వెలుగు తగ్గితే షట్టర్ (వెలుగుని లోపలికి వదిలి మూసే తలుపు) నెమ్మదించి చెయ్యి కదలడం, ఇవి చేతికి తెలిసే వీలు లేదు. వంట నేర్చుకుందామనుకున్నవాళ్లకి హోటల్ నుంచి పార్సిల్ తెచ్చిపెట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇక కెమెరా. కొనేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్క దాని గురించే, కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉండాలి. ఈ మధ్య తేలికైన కెమెరాలు అనగానే చూపించే నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటి వాటికి అది లేదు, అవి ముఖ్యంగా వీడియోలు చేసుకునేవాళ్ల కోసం చేసినవి. మధ్యాహ్నం పన్నెండింటికి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి వెనక స్క్రీన్ చూడండి, మీ ముఖమే కనిపిస్తుంది. పైగా కెమెరా నుదుటికి ఆనితే చేతులు వణకవు, తక్కువ వెలుగులో దానివల్ల చాలా ఫోటోలు బతికిపోతాయి. ఫ్రేములో ఏముంది ఏం లేదు అని వెతుక్కునే అలవాటు కూడా ఆ చిన్న కిటికీలోంచి చూస్తేనే తొందరగా పడుతుంది (ఇది నా మూఢనమ్మకం అనే స్నేహితులు కూడా ఉన్నారు, వాళ్లతో వాదించి వాదించి మానేశాను).

నా సలహా సెకండ్ హ్యాండ్ కానన్ 200డీ మార్క్ 2. 2019లో వచ్చింది, బ్యాటరీ, కార్డుతో కలిపి 449 గ్రాములు. దొరక్కపోయినా, బేరం తెగకపోయినా 2017లో వచ్చిన మామూలు 200డీ తీసుకోండి, అది 453 గ్రాములు, ఫోటోల వరకూ రెండూ అన్నదమ్ములే. రెండింటికీ 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సర్, వేలితో తాకి ఫోకస్ చేసే స్క్రీన్, పక్కకి తెరుచుకుని తిరగడం, ఫోనుకి ఫోటోలు పంపుకోడానికి వైఫై ఉన్నాయి. మామయ్య గారి కెమెరాలో వైఫై లేదు, స్క్రీన్ కదలదు. సెన్సర్ విస్తీర్ణంలో ఆయనది రెండున్నర రెట్లు పెద్దది, నిజమే, చీకట్లో ఆ తేడా కనిపిస్తుంది. పొద్దున్నో సాయంత్రమో నర్సరీ గట్ల మీద తీసేవాళ్లకి అది పట్టించుకోవాల్సినంత తేడా కాదు.

అన్ని కంపెనీలుండగా కానన్ ఎందుకంటే మామయ్య గారి అల్మారా వల్ల. ఆయన ఈఎఫ్ లెన్సులన్నీ మీ 200డీకి నేరుగా పడతాయి. చెల్లెలి నిశ్చితార్థానికో, స్కూల్ యాన్యువల్ డేకో ఒక్కరోజుకి ఆయన 70-200 (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే లెన్సు) అడిగి తెచ్చుకోవచ్చు, ఆదివారం రాత్రికి తిరిగి ఇచ్చేయొచ్చు. ఇంట్లో లెన్సులున్న మనిషి ఉంటే ఆ కంపెనీ కెమెరానే కొనుక్కోవాలి, ఇందులో పెద్ద ఆలోచన లేదు. ఆయనది నికాన్ అయ్యుంటే నేను ఇప్పుడు డీ3500 గురించి రాస్తూ ఉండేవాణ్ని, అదీ 415 గ్రాముల బంగారు కొండే.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) తీసుకోవద్దా అని మీ తర్వాతి ఉత్తరం వస్తుందని తెలుసు కాబట్టి ఇప్పుడే చెబుతాను. బడ్జెట్ పెంచగలిగితే 2023లో వచ్చిన కానన్ ఆర్50 చాలా ముద్దొచ్చే కెమెరా, 375 గ్రాములు, దాని 18-45 లెన్సు 130 గ్రాములు, రెండూ కలిపినా అర కిలో. షట్టర్ నొక్కకముందే ఫోటో నల్లగా వస్తుందా తెల్లగా వస్తుందా అన్నది వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది, కొత్తవాళ్లకి అది పెద్ద సాయం. అయితే కొత్తది కొంటే మీ డబ్బంతా దానికే పోతుంది, మంచి లెన్సుకి మిగలదు. ఒకే రకం ఎల్‌పీ-ఈ17 బ్యాటరీతో 200డీ మార్క్ 2 వెయ్యి ఫోటోలు దాటిస్తే ఇది కొన్ని వందలకే చేతులెత్తేస్తుంది. సోనీ ఏ6000 కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, 344 గ్రాములే, కానీ స్క్రీన్ తాకితే పలకదు, ఆ మెనూల్లో పడి నేను రెండుసార్లు దారి తప్పాను. ఎవరైనా తెలిసినవాళ్లు చవగ్గా ఇస్తే వద్దనకండి, అంతే.

డబ్బు పంచుకోవడం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. 45 వేలుంటే 45 వేల బాడీ (లెన్సు లేని కెమెరా) కొనేస్తారు. మీరు బాడీ, దాంతో వచ్చే 18-55 లెన్సు కలిపి 36 వేలు దాటనివ్వకండి, దాటితే పాత 200డీకి దిగండి. మిగిలిన దాంట్లో ఒక చిన్న లెన్సు కొనాలి, అసలు కెమెరా కొనేది దానికోసమే. కానన్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్ 2.8 అని ఒకటుంది, పాన్‌కేక్ లెన్స్ అంటారు, నిజంగానే చిన్న దిబ్బరొట్టె ముక్కలా ఉంటుంది, 125 గ్రాములు. అది తగిలిస్తే 200డీ మొత్తం కలిపి ఆరు వందల గ్రాముల లోపే, బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన నిలబెట్టి పెట్టేయొచ్చు. ఈ ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే వెడల్పు తగ్గుతుంది. ఈ చిన్న సెన్సర్ మీద 24 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 38 అవుతుంది, మనిషినీ మనిషి చుట్టూ ఉన్న చోటునీ కలిపి చూపించడానికి సరిగ్గా సరిపోయే వెడల్పు.

అందరూ మీకు 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనమని చెబుతారు, చవక కాబట్టి, వెనక అంతా వెన్నలా కరిగిపోతుంది కాబట్టి. మంచి లెన్సే. కానీ 200డీ మీద అది 80 అయిపోతుంది. మీ ఇంటి వంటగదిలో అమ్మని తీయాలంటే వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నా ఆమె ముఖం తప్ప పొయ్యి కనిపించదు. దాన్ని రెండో ఏడాదికి పెట్టుకోండి. ఈలోపు అవసరమైతే మామయ్య దగ్గర కచ్చితంగా ఒకటి ఉంటుంది, పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర 50 లేకపోవడం నేను చూడలేదు.

సెకండ్ హ్యాండ్ అనగానే టెన్షన్ పడకండి, చూసుకునే పద్ధతి ఉంది. వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు, వీలైతే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. ముందు లెన్సు రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి ముందు నుంచి చూడండి. ఒకటి రెండు దుమ్ము నలకలుంటే ఫర్వాలేదు, ప్రతి లెన్సులోనూ ఉంటాయి. దూది పోగుల్లాగా, చెట్టు వేళ్లలాగా పాకిన గీతలు కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గిస్తానన్నా వద్దు. తర్వాత అపెర్చర్ ఎఫ్ 16 పెట్టి (అంటే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి) తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సర్ మీద మచ్చలుంటే నల్ల చుక్కల్లా తేలతాయి. మసక చుక్కలు దుమ్ము, తుడిపించుకోవచ్చు. గీతలాంటిది ఉంటే లేచి వచ్చేయండి. ఈ 200డీల్లో స్క్రీన్ తెరిచి మూసే మడత దగ్గర వైరు అరిగి ఉండొచ్చు, కెమెరా ఆన్‌లో ఉండగానే స్క్రీన్‌ని అన్ని కోణాల్లో తిప్పి, ఎక్కడైనా మిణుకుమంటుందేమో గమనించండి. ఫ్లాష్ లేపి చూడండి, బ్యాటరీ బయటికి తీసి ఉబ్బిందేమో చూడండి, న్యూస్ పేపరు గోడకి అతికించి ఫోకస్ సరిగ్గా పడుతోందా చూడండి. ఇదంతా పావుగంట పని, అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కెమెరా బాడీ మీద సీరియల్ నంబరు ఉంటుంది, అది బిల్లు మీదా పెట్టె మీదా ఉన్న నంబరుతో కలవాలి. బిల్లు లేదంటే ధర ఎంత బాగున్నా కొనకండి, అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో మనకెందుకు. పాత వస్తువులు అమ్మే యాప్‌లలో "నేను ఆర్మీలో చేస్తున్నా, బదిలీ అయింది, అడ్వాన్స్ పంపితే కొరియర్ చేస్తా" అని ఎవరైనా హిందీలో మొదలుపెడితే అక్కడే బ్లాక్ చేయండి. చేత్తో పట్టుకుని చూశాకే డబ్బు. రాజమండ్రిలో దొరక్కపోతే సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీలో కెమెరా దుకాణాలు ఒక పూట తిరిగి రండి, ఒకే మోడల్ నాలుగు చోట్ల పట్టుకుని చూస్తే ఏది నలిగిందో ఏది వాడనిదో మీకే తెలిసిపోతుంది.

గోదావరి గాలి లెన్సులకి పడదు. ఇంటికి తెచ్చాక దాన్ని తోలు సంచిలో, బీరువాలో చీరల మధ్య దాచకండి, నా లెన్సు చచ్చింది అక్కడే. రబ్బరు అంచుతో గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు, మూడొందల్లో అయిపోతుంది. రంగు మారే రకం జెల్ తెచ్చుకుంటే, మారినప్పుడు పెనం మీద సన్నటి సెగన వెచ్చబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. అన్నింటికన్నా పెద్ద మందు రోజూ బయటికి తీయడం, వెలుతురు తగిలే లెన్సుకి బూజు తొందరగా పట్టదు. ఫిల్టర్లు, ట్రైపాడు, కెమెరా బ్యాగ్ ఇప్పుడేమీ వద్దు, పాత టర్కీ టవల్ ముక్కలో చుట్టి బ్యాగులో పెట్టుకోండి. కార్డు మాత్రం తెలిసిన షాపులో 64 జీబీది ఒకటి కొనండి, ఫుట్‌పాత్ మీద కొన్న కార్డు ఫోటోలు మింగేస్తుంది.

మొదటి రెండు నెలలు 24 తప్ప వేరే లెన్సు తగిలించకండి. డయల్ ఏవీ మీద పెట్టండి, అంటే అపెర్చర్ మీరు చెబుతారు, షట్టర్ అది చూసుకుంటుంది. మీ కడియంలోనే రెండు పాఠాలు ఎదురుచూస్తున్నాయి. ఒకటి, తెల్ల చామంతుల మడి. దాన్ని తీస్తే పూలు బూడిద రంగులో దిగులుగా వస్తాయి, కెమెరా పాడైందనుకోకండి. ఎదురుగా ఏది కనిపించినా దాన్ని మధ్యస్థంగా బూడిద రంగుకి తేవాలని చూడటం వెలుగు కొలిచే దాని మీటరు గుణం. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో సర్దే అమరిక) ప్లస్ 1కి తిప్పి మళ్లీ తీయండి, పూలు తెల్లబడతాయి. నల్ల కుండీలు వరసగా పేర్చిన చోట దీనికి తిరగేసి మైనస్ 1. ఈ ఒక్క ముక్క చేతికి పట్టుకుంటే ఆటో మోడ్‌తో మీకు పని ఉండదు.

రెండోది, గ్రీన్ నెట్ కింద కూర్చుని మొక్కలు కట్టే ఆడవాళ్లు. మన కంటికి బాగానే ఉంటారు, ఫోటోలో ముఖాలన్నీ కాకరకాయ రంగులో వస్తాయి. నెట్ లోంచి వడకట్టి పచ్చటి వెలుగే కిందికి దిగుతుంది మరి. నేను మొదటిసారి అలాంటి చోట తీసిన నలభై ఫోటోల్లో ఒక్కటీ పనికిరాలేదు. నెట్ అంచు దగ్గర, పక్క నుంచి మామూలు వెలుతురు పడే చోట పని చేస్తున్న మనిషిని వెతకండి, సగం సమస్య తీరిపోతుంది. మిగతా సగానికి ఫైలుని జేపెగ్‌తో పాటు రా (సెన్సర్ పట్టిన సమాచారాన్ని యథాతథంగా దాచే ఫైలు) లో కూడా సేవ్ అయ్యేలా పెట్టుకుంటే ఇంటికొచ్చాక ఆ పచ్చదనం తగ్గించుకోవచ్చు, డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మొదట తికమకపెడుతుంది, ఓపిక పట్టండి. వాళ్లని అడక్కుండా మాత్రం తీయకండి. మొదటి రోజు కెమెరా బయటికి తీయకుండా మాట్లాడి రండి, రెండో రోజు తీయండి, మూడో రోజు ప్రింటు చేతికివ్వండి. నాలుగో రోజు నుంచి వాళ్లే పిలుస్తారు.

ఇక మిగిలింది మామయ్య గారికి చెప్పడం. "మీ కెమెరా వద్దు" అని మొదలుపెడితే నొచ్చుకుంటారు. "చిన్నది చూశాను మామయ్యా, మీరొచ్చి చూసి బాగుందంటేనే కొంటా" అనండి. షట్టర్ చప్పుడు విని కెమెరా వయసు చెప్పేస్తారు అలాంటివాళ్లు, పైన నేను రాసిన పరీక్షలన్నీ ఆయన ఐదు నిమిషాల్లో ముగిస్తారు, బేరం కూడా ఆయనే ఆడతారు. కాకపోతే ముహూర్తాలున్న రోజుల్లో అడగకండి, ఫోన్ కూడా ఎత్తరు. ఆషాఢమో మూఢమో వచ్చేదాకా ఆగండి. స్టూడియోల వాళ్లంతా అప్పుడు ఖాళీ, అప్పుడే చాలామంది పాత కెమెరాలు అమ్మకానికి పెడతారు, ధర అడిగితే కొంచెం మెత్తగా కూడా ఉంటారు.